గడ్డను ఎండబెడతామని బిడ్డను ఎండబెట్టినోళ్లకు, మా సుందరమ్మత్త తరఫున

మీ ఇంట్లో జబ్బుతో పండుకున్న బిడ్డకు ఈ పొద్దు ఏం పెట్టినారు?

జవాబు చెప్పుకొని, తర్వాత ఈ పోస్ట్ చదవండి.

మా మేనత్త సుందరమ్మ నిన్న పొద్దున పోయినాది.

ఫోన్ వచ్చినప్పుడు పళ్లెం ముందర కూర్చోనుండా. ముద్ద చేతిలోనే ఉండిపోయినాది. తొంభై దాటి శానా ఏండ్లయిన మనిషి, పోతాదని తెలుసు. అయినా నమ్మలేకపోతి.

తర్వాత ఆ ముద్ద తినేసినా. తినకుండా లేచింటే అత్త శవపెట్టెలో నుంచి లేచొచ్చి తిట్టుండేది.

నన్ను పొట్టి బోధకుడు అంటారు కదా మీరు. స్టూల్ ఎక్కితే గాని జనానికి కనపడను. ఎందుకు పొట్టో చెప్తా.

పంతొమ్మిది వందల యాభైల్లో మాట. బనగానపల్లె పక్కన మా ఊరు. అమ్మ లేదు, అత్తే అమ్మ. చిన్నప్పుడే నా కడుపులో గడ్డ లేచినాది. కేన్సర్ అనే మాట మా ఊర్లో ఎవురికీ తెలీదు.

మద్రాసులో ఆపరేషన్ చేసి గడ్డ తీసినారు. కరెంటు పెట్టినారు. రేడియేషన్‌ను అట్లనే అనేవాళ్లు.

డాక్టర్ అత్తతో చెప్పినాడు: "ఇంటికి పోయి వీడికి బాగా పెట్టి తీసుకురా. ఇంకా చిక్కిపోతే మళ్లా కరెంటు పెట్టలేం. పెట్టకపోతే బతకడు."

ఊర్లో మా చర్చి సంఘపెద్ద కాచుకోనుండాడు.

"బిడ్డ తింటే గడ్డ తింటాది. ఇది ఉపవాసంతోనే పోయేది" అని తీర్పిచ్చినాడు. పాలొద్దు, గుడ్డొద్దు, శెనక్కాయలొద్దు. పలచని గంజి, మిగతాదంతా ప్రార్థన. ఇంట్లో అందరూ ఆమెన్ అన్నారు.

నా కాళ్లు పుల్లలైనాయి.

అత్త ఆమెన్ అనలేదు. ముందటేడు ఆమె కూతురు రూతుకు జ్వరమొస్తే ఇదే పెద్ద, ఇదే ఉపవాసం పెట్టించినాడు. ఆ పాప అన్నం, అన్నం అంటానే పోయినాది.

ఆదివారం ఆరాధన అయిపోయి జనమంతా బయటికొస్తాంటే, అత్త చర్చి మెట్ల మీద నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకొని ఉడికిన గుడ్డు ఒలిచినాది.

"ఏమ్మా, గడ్డకు మేత పెడతాండావా?" అన్నాడు పెద్ద.

"నీ కండ్ల ముందరే పెడతాండా పెద్దయ్యా, బాగా చూడు. నా రూతును ఆకలితో పంపించినావు. నీ మీద పగ ఎట్ల తీర్చుకోవల్లా అని శానా ఆలోచన చేసినా. వీణ్ణి నీ ఎదురుగానే పెంచుతా. వీడు కనపడినప్పుడల్లా నా బిడ్డ నీకు గుర్తుకు రావల్ల."

నేను ఆ గుడ్డు పెద్దయ్య చెప్పుల మీదనే కక్కినా. ఎవురో నవ్వినారు.

అత్త నా మూతి తుడిచి ఇంకో గుడ్డు తీసినాది. "కక్కితే కక్కురా. నీకు కక్కేది విసుగొస్తాదో, నాకు పెట్టేది విసుగొస్తాదో చూస్తాం."

శెనక్కాయలు, బెల్లం దంచిన ముద్దలు. రాగి సంగట్లో నెయ్యి. కొంచెం కొంచెం, దినమంతా.

మళ్లా మద్రాసు పోతే డాక్టర్ నన్ను తూకమేసి, నేరుగా కరెంటు రూములోకి పంపినాడు.

బతికినా. ఎత్తు మాత్రం పెరగలేదు. కొంత కరెంటు తినింది, కొంత ఆ ఉపవాసం తినింది.

కరెంటును క్షమించినా.

పెద్దయినాక బైబిల్ వాక్యం నేనే కూడబలుక్కొని నేర్చుకున్నా. చచ్చిన పాపను యేసయ్య చెయ్యి పట్టి లేపినాడు. లేపినాక ఉపవాసం చెయ్యమన్లేదు. పాపకు తినేదానికి పెట్టండి అన్నాడు.

పరుగెత్తి పోయి అత్తకు చెప్తే, "ఇది అప్పుడే తెలిసింటే ఆయన మొగాన కొట్టుందును కదప్పా" అనింది.

పగ తీర్చేది దేవుని పని అని నేనే స్టూలెక్కి బోధించినా. ఈ పొద్దు ఆ మాట నా నోట్లో నుంచి రాదు.

ఎందుకంటే నిన్న సాయంత్రం అత్తను మట్టి చేసి వస్తాంటే తెలిసినాది. మన వీధిలోనే, కర్నూలులో కీమో ఎక్కించుకొని వచ్చిన పాపకు, ఆ పెద్దయ్య మనమడే ఉపవాస ప్రార్థన పెట్టించినాడు. గంజినీళ్లు తాపిస్తాండారంట.

ఏమప్పా, నువ్వు ఈ గ్రూపులోనే ఉండావు. చదువుతాండావు కూడా. కడుపు మాడ్చుకోవల్లంటే నీది మాడ్చుకో. ఆ పాప మీద చెయ్యి తియ్యి. మీ తాత మీద తీరని పగ నాకింకా ఉండాది.

అత్తా, పోయిరా. రూతు కాచుకోనుంటాది. ఇద్దరూ కడుపునిండా తినండి. ఆయన సన్నిధిలో నీకు నెమ్మది కలగాల.

మిగతా వాళ్లు దండం బొమ్మలు పెట్టొద్దు, పూలదండలు తేవద్దు.

ఆ పాపకు ఏం పెట్టొచ్చో కర్నూలు డాక్టర్‌ను అడిగేసినా. మధ్యాన్నం క్యారియర్ తీసుకొని ఆ వాకిట్లో నిలబడతా. ఆ తలుపు పై గొళ్లెం నా ఎత్తుకు అందదు.

ఒకరన్నా రండి. తలుపు తీయించండి. ఈ పొద్దే.