చొక్కా తొడిగిన ఫోను

చింతాద్రిపేటలో అలివేలుమంగ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. వంట నిలబడే చేస్తుంది, కాఫీ నిలబడే తాగుతుంది, పక్కింటి గోవిందమ్మతో గంటసేపు కబుర్లాడినా గుమ్మానికి ఆనుకొని నిలబడే ఆడుతుంది. "ఒక్క నిమిషం కూర్చోరాదా అక్కా" అంటే, "యాడ కూర్చునేది? ఇప్పుడు మోగతాదే" అంటుంది. మోగేది ఫోను. ఆ వీధి మొత్తానికీ ఉన్నది ఆ ఒక్క ఫోనే. ఇది తొంభై నాలుగులో సంగతి, అప్పటికింకా ఊరి పేరు మద్రాసే.

ఆమె భర్త రంగనాథం గోడౌన్ వీధిలో ఒక బట్టల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు రాసేవాడు. కూతురు ఇంద్రజ గౌను వేసుకునే వయసులో ఆయన ఫోనుకు అర్జీ పెడితే, ఆ పిల్ల కాలేజీకి పోయే రోజుల్లో ఫోను వచ్చింది. వచ్చిన రోజున దానికి పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ కొబ్బరి ముక్కలు నోట్లో ఉండగానే రంగనాథం జేబులోంచి ఒక బుల్లి తాళం తీసి డయలు చిల్లులో బిగించేశాడు. తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇక ఆ ఇంటికి ఫోన్లు రావడమే తప్ప, ఆయన ఇంట్లో లేకుండా ఆ ఇంట్లోంచి ఒక్క ఫోనూ పోదు.

"బాగుండాది యవ్వారం! తాళం మీ మొలకు, మోత నా చెవికి" అంది అలివేలుమంగ.

అన్నదే గానీ ఆమెకు లోలోపల గర్వంగానే ఉంది. టైలరు ఏళుమలై కొట్టులో మిగిలిన ఎర్ర వెల్వెట్ ముక్క అడిగి తెచ్చుకొని, అంచుకు జరీ వేసి, ఫోనుకు నిండుగా ఒక ముసుగు కుట్టింది. వీధివాళ్ళు దానికి ఫోను చొక్కా అని పేరు పెట్టారు. మాట్లాడటం అయ్యాక రిసీవరు పెట్టాలి, పైన చొక్కా తొడగాలి, అప్పుడే గడప దాటాలి. ఇది ఆ ఇంటి చట్టం. ఒకసారి తొడగకుండా పోయాడని ఏళుమలైని వీధి మలుపు దాకా పోయి వెనక్కి పిలుచుకొచ్చింది మహాతల్లి.

ఏళుమలై తన కొట్టు బోర్డు మీద ఆ నంబరే రాయించుకొని పక్కన పి.పి. అని పెట్టుకున్నాడు. అంటే ఫోను తనది కాదు, పక్కింటివాళ్ళది, పిలిస్తే వస్తాను అని అర్థం. ఆ రోజుల్లో మద్రాసులో సగం మంది బతుకు పి.పి. మీదే నడిచింది. వీధిలో ఎవరింట పెళ్ళయినా శుభలేఖ మీద ఆ నంబరే. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన పిల్లలదీ అదే. ఫోను మోగితే అలివేలుమంగ ఎత్తి, "ఎవరు కావాల?" అనేది. అవతలివాడు తమిళుడైనా, హిందీవాడైనా మొదటి మాట తెలుగులోనే. "మా ఇంటి ఫోను మా మాటే మాట్లాడతాది" అనేది నిక్కచ్చిగా. తర్వాత తమిళంలోకి దిగి పేరు కనుక్కొని, రిసీవరును మడిచిన తుండుగుడ్డ మీద పడుకోబెట్టి, కొంగు బిగించి మెట్లు దిగేది.

ఇంకో విద్య కూడా పట్టుబడింది ఆమెకు. అవతలివాళ్ళ మొదటి మాట వింటే చాలు, అది మంచి కబురో చెడ్డ కబురో చెప్పేసేది. "మెల్లగా రాప్పా, బిడ్డ పుట్టినట్టుండాది" అనేది ఒకరితో. ఇంకొకరి గుమ్మంలో ఏమీ చెప్పకుండా చెయ్యి పట్టుకొని నడిపించుకొచ్చేది. గొంతులో అన్నీ తెలుస్తాయి అనేది. ఇన్నేళ్ళలో "ఎవరు కావాల?" అన్నందుకు "మీరే కావాల" అన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. ఆమె అమ్మానాయనా ఎప్పుడో పోయారు, చుట్టాలంతా నడిచి వచ్చేంత దూరంలోనే ఉన్నారు. అయినా దాన్ని గురించి ఆలోచించే తీరిక ఆమెకెక్కడిది?

ఆ ఏడు ఎండాకాలంలో ఇంద్రజకు పెళ్ళయింది. అల్లుడు కేశవ్‌ది ఎన్నూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం, సముద్రం రోడ్డు పక్కనే అద్దె ఇల్లు. ఇంద్రజ తిరువొత్తియూరులో ఒక నర్సరీ బడిలో టీచరుగా చేరి, సాయంత్రం బస్సులో ఇల్లు చేరేది. ఆ రోడ్డు మీద లారీలు ఎట్లా పోతాయో ఒకసారి చూసి వచ్చింది అలివేలుమంగ. ఆ రాత్రి ఆమెకు కన్ను మూతపడలేదు.

మర్నాడే ఉపాయం కనిపెట్టింది. పిల్ల బస్సు దిగగానే వీధి చివరి బూత్‌లోంచి ఫోను కొట్టాలి. రెండు మోతలు మోగాక పెట్టేయాలి. ఇక్కడ ఎవరూ ఎత్తకూడదు. రెండు మోతలంటే ఇంటికి చేరింది అని.

"రోంతసేపు మాట్లాడితే ఏంమా?" అంది ఇంద్రజ.

"ఊరంతా ఎదురుచూసే లైనే ఇది. మనమే కబుర్లు పెట్టుకుంటే అవతల ఎవరికి ఏం అర్జెంటో! మాటలు నువ్వు వచ్చినప్పుడు చెప్పుకుందాం."

బూత్ ధర్మలింగం మొదట్లో సణిగాడట, ఎత్తని ఫోనుకు నాకేం వస్తుందని. తర్వాత వాడికీ అలవాటైపోయింది. ప్రతి సాయంత్రం దీపం పెట్టే వేళకు ఫోను రెండుసార్లు మోగి ఊరుకునేది. అలివేలుమంగ కళ్ళు మూసుకొని ఒక దండం పెట్టేది. "పిల్ల సల్లంగా ఉండాది" అనుకొని పొయ్యి దగ్గరికి పోయేది. ఎంత తెలివైన ఉపాయం కనిపెట్టానో అని వీధిలో అందరికీ చెప్పుకుంది కూడా.

దీపావళికి కూతురూ అల్లుడూ వచ్చి వెళ్ళారు. తర్వాత వానలు పట్టుకున్నాయి, రాకపోకలు తగ్గాయి. రెండు మోతలు మాత్రం ఒక్కరోజూ తప్పలేదు.

మార్గళి నెలలో, అంటే మన ధనుర్మాసంలో, ఒకరోజు తప్పాయి.

ఆ మధ్యాహ్నం గోవిందమ్మకు అరక్కోణం నుంచి ఫోను వచ్చింది. ఆవిడ తమ్ముడితో మాట్లాడుతుండగా చినుకులు మొదలయ్యాయి. అలివేలుమంగ ఆరబెట్టిన వడియాల కోసం మిద్దె మీదికి పరిగెత్తింది. దిగొచ్చేసరికి గోవిందమ్మ మాట్లాడి, పెట్టేసి, చొక్కా కూడా బుద్ధిగా తొడిగి వెళ్ళిపోయింది. అలివేలుమంగ చూసి మెచ్చుకుంది.

సాయంత్రం దీపం పెట్టింది. మోత రాలేదు. బస్సు ఆలస్యమేమో అనుకుంది. పాలు పొయ్యి మీద పెట్టి హాల్లోకి వచ్చింది, పాలు పొంగిపోయాయి. వసారాలోకి పోయింది, ఫోను వినబడదేమోనని మళ్ళీ లోపలికి వచ్చింది. వీధి దీపాలు వెలిగాయి. వానలో ఆ రోడ్డు ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు. కరెంటు ఫ్యాక్టరీ బూడిద కలిసిన నీళ్ళు, గుంతలు, లైట్లు కూడా వేసుకోని లారీలు. ఛీ పాడు బుద్ధి అని లెంపలేసుకుంది. లెంపలేసుకుంటే మాత్రం ఆ బుద్ధి ఊరుకుంటుందా? లారీ చక్రాలు కళ్ళ ముందే తిరుగుతున్నాయి.

"ఏడుకొండలవాడా, రెండు మోతలప్పా, రెండే" అని ఎర్ర వెల్వెట్ ముందు చేతులు జోడించింది. ఆ సమయంలో ఎవరైనా చూస్తే ఫోనుకే మొక్కుతోందనుకునేవాళ్ళు.

ఏళుమలై మెట్లెక్కి వచ్చాడు. "నాకేమైనా ఫోన్ వచ్చిందామ్మా? బట్టలు కుట్టమన్న పార్టీ ఫోన్ చేస్తానన్నాడే."

"ఎవరికీ రాలా! పో, పో, ఈడ నిలబడొద్దు."

"ఎత్తి ఒకసారి సద్దు వస్తాందా చూడుమ్మా" అని వాడు చెయ్యి చాపాడు.

"తాకినావంటే చూడు! నువ్వెత్తిన నిమిషమే నా బిడ్డ కొడితే? బిజీ వస్తాది గదా!"

వాడు బిక్కచచ్చిపోయి దిగిపోయాడు. ఆమె హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు తిరిగింది. బియ్యం కడిగి అట్లాగే వదిలేసింది. మోగని ఫోనుకు ఎదురుచూసినవాళ్ళకే తెలుస్తుంది ఆ బాధ. ఏమీ చేయడానికి ఉండదు, ఏమీ చేయకుండా ఉండలేరు.

రంగనాథం గొడుగు విదిలించుకుంటూ వచ్చాడు. "ఏందే, మొగం అట్లుండాది?"

"ఇంద్రజ మోత రాలా."

ఆయన తాళంచెవి కోసం మొలతాడు తడుముకున్నాడు. "అల్లుడి ఫ్యాక్టరీకి కొడదాం, జరుగు."

"వద్దండీ! అదే నిమిషం బిడ్డ కొడితే?"

"కొట్టకపోతే?"

"కొడితే?"

మొగుడూ పెళ్ళాం ఫోనుకు అటొకరు ఇటొకరు నిలబడి వాదించుకుంటున్నారు. ఇంతలో మెట్ల మీద అడుగుల చప్పుడు అయింది. తడిసిపోయిన చీరతో ఇంద్రజ, వెనకే కేశవ్, రొప్పుతూ వచ్చి గుమ్మంలో నిలబడ్డారు.

"నీకేమైందే?" అని తల్లి, "నాయనకేమైంది?" అని కూతురు, ఇద్దరూ ఒక్కసారే అరిచారు.

నాయన నిక్షేపంలా ఎదురుగా నిలబడి ఉన్నాడు. ఆయన్ని చూసి ఇంద్రజ గోడకు జారగిలబడిపోయింది. బస్సు దిగినప్పటి నుంచి ఎన్నిసార్లు కొట్టినా ఎంగేజే వచ్చిందట. ధర్మలింగం కూడా కొట్టి చూశాడట. ఊరివాళ్ళ ఫోన్లను నిమిషంలో ముగింపజేసే తల్లి, ఇంతసేపు లైను వదలలేదంటే ఇంట్లో ఏదో ఘోరం జరిగి ఊరికంతా కబురు పెడుతున్నారనే అనుకుంది. ఇద్దరూ కరెంటు రైలు పట్టుకొని సెంట్రల్‌లో దిగి పరిగెత్తుకొచ్చారు.

"ఎంగేజా? ఈడ అసలు మోగనే లేదే!" అని రంగనాథం ఫోను చొక్కా పట్టి లాగాడు.

రిసీవరు వంకరగా ఉంది. ఒక కొన గూట్లో, ఇంకో కొన వెల్వెట్ అంచు మీద. జరీ అంచు దాని కింద ఇరుక్కుపోయింది. సాయంత్రమంతా ఆ ఎర్ర ముసుగు కింద లైను నోరు తెరుచుకొనే ఉంది. గోవిందమ్మ ఆ ఇంటి చట్టం ప్రకారం అంత బుద్ధిగా చొక్కా తొడగకుండా ఉంటే ఎవరో ఒకరి కంటపడేది.

కేశవ్ ముందు నవ్వాడు. తర్వాత రంగనాథం నవ్వాడు. ఇంద్రజ కూడా నవ్వబోయింది, నవ్వు దగ్గయింది, ఆ దగ్గు ఆగలేదు.

అలివేలుమంగ నవ్వలేదు. కూతురి మొహంలోకి చూస్తూ, "ఇంకోసారి మాట్లాడు" అంది.

"ఏం మాట్లాడాలమ్మా?"

"ఏదో ఒకటి మాట్లాడు."

"ఏమీ లేదుమా, వానలో తడిసినా గదా, అంతే..." ఇంద్రజ గొంతు తుప్పు పట్టిన గొళ్ళెంలా గీసుకుంటోంది. మాట చివర ఊపిరి అందడం లేదు. వీధిలో ఎవరి గొంతు విన్నా ఇట్టే పసిగట్టే ఆవిడకు, అది ఈ రోజు తడిసిన గొంతు కాదని తెలిసిపోయింది.

"ఎన్నాళ్ళనుంచి?"

ఇంద్రజ భర్త వైపు చూసింది. అతను తల దించుకొని, "దీపావళి పోయినాక మొదలైందత్తా. ఆ బూడిద, లారీల దుమ్ము... రాత్రిళ్ళు కూర్చొనే నిద్రపోతాంది. మీకు చెప్పొద్దనింది" అన్నాడు.

"మరి దినాము రెండు మోతలు కొట్టినావు గదే! నువ్వు సల్లంగా ఉండావనుకొని నేను నిమ్మళంగా ఉన్నానే!"

ఇంద్రజ తల్లి చెయ్యి పట్టుకుంది. "బాగలేదని చెప్పేదానికి ఎన్ని మోతలో నువ్వు చెప్పలా గదమ్మా."

అలివేలుమంగకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఊళ్ళో వాళ్ళ చావులూ పుట్టుకలూ తన చెవిలో పడ్డాకే వాళ్ళ ఇళ్ళకు చేరాయి. కన్నకూతురి గొంతును మాత్రం ఎత్తొద్దని తనే శాసనం చేసింది. పైగా అదొక ఘనకార్యమని వీధంతా చాటుకుంది! ఆమె పెద్దగా ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

మర్నాడు డాక్టరుకు చూపించారు. దుమ్ముకు దూరంగా ఉంచమన్నాడు, మందులిచ్చాడు. పండగ సెలవులు అయ్యేదాకా ఇంద్రజ పుట్టింట్లోనే ఉంది. కేశవ్ పురసవాక్కం వైపు ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. అది దొరికేలోపు బడి తెరిచారు, పిల్ల ఎన్నూరు పోక తప్పలేదు. బయల్దేరేటప్పుడు తల్లి మందులన్నీ సంచిలో సర్ది, ఒకటే చెప్పింది. "మోత కొట్టి పెట్టేయొద్దు. నేను ఎత్తేదాకా కొట్టు."

"లైను ఊరందరిదీ అంటివే?"

"ఊరందరితో పాటు నీది కూడా."

ఫోను చొక్కా ఉతికి, మడిచి పెట్టెలో పెట్టేసింది. నల్లటి ఫోను బోసిగా కనిపించింది కొన్నాళ్ళు. ఏళుమలై, పాపం, కొత్తది కుట్టిస్తానన్నాడు. వద్దంది.

పిల్ల మళ్ళీ బడికి పోయిన మొదటి రోజు సాయంత్రం దీపం పెడుతుండగా ఫోను మోగింది. ఒకటి. అలివేలుమంగ వత్తి వదిలేసి వచ్చింది. రెండు. చెయ్యి చాపి ఆగింది, ఇన్ని నెలల అలవాటు ఒక్కరోజులో పోతుందా? మూడోది కూడా మోగింది.

గబుక్కున ఎత్తింది. తడబాటులో నోటికి వచ్చిన మాటే అనేసింది. "ఎవరు కావాల?"

అవతల బూత్ బయట లారీ పోతున్న చప్పుడు. తర్వాత చిన్న దగ్గు. తర్వాత ఇంద్రజ గొంతు, ఇంకా కొంచెం గరగరగానే.

"నువ్వే కావాలమా."

మెట్లు దిగి పిలుచుకురావాల్సినవాళ్ళు ఇంకెవరూ లేరు. అలివేలుమంగ కాలితో స్టూలు దగ్గరికి లాక్కొని కూర్చుంది.