ఆ ఫోను నేను లాక్కోకుండా ఉండాల్సింది

నాకు ముక్కు మీద కోపం. పైగా కోనసీమలో పదేళ్ళు లెక్కల టీచరుగా చేసొచ్చానేమో, ఎదుటివాళ్ళు తప్పు చెబుతుంటే నోరు మూసుకు కూర్చోవడం నా వల్ల కాదు. కువైట్ వచ్చాక బ్నీద్ అల్ గార్‌లో మా ఫ్లాట్‌లోనే ట్యూషన్లు మొదలెట్టాను. ఎంతోమందికి చెప్పాను గానీ, ఒక్క శిష్యురాలి విషయంలో చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం.

ఆవిడది రాయచోటి వైపు. మా వీధిలోనే ఒక అరబ్బుల ఇంట్లో పని. కింద బకాలాలో, అదే కిరాణా కొట్లో, పాలపొడి కొంటూ ఫోన్లో తెలుగు మాట్లాడుతుంటే పలకరించాను. మూడోసారి కనబడినప్పుడు, "అక్కా, నాకు లెక్కలు చెప్తావా?" అంది. నవ్వొచ్చింది నాకు. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి!

సంగతేమిటంటే, ఆవిడ కూతురు ఏడో తరగతి. నాలుగేళ్ళప్పుడు పెద్దమ్మ దగ్గర వదిలి వచ్చేసిందట.

"నేను ఫోన్ జేస్తే ఊ అంటాది, ఆ అంటాది, పెద్దమ్మకు ఇచ్చేస్తాది అక్కా. మొన్న మాత్రం, 'మా, శీర్షాభిముఖ కోణాలంటే ఏంది?' అని అడిగింది. కనుక్కోని చెప్తా అంటి. తెల్లారి తనే ఫోన్ జేసింది! తనంతట తాను ఎప్పుడూ జెయ్యలేదు."

ఆ ఇంటి మామా, అంటే యజమానురాలు, శుక్రవారం మధ్యాహ్నాలు వదిలేది. వచ్చి నేల మీద కూర్చుని గీతలు గీసేది. నేను విసుక్కుంటే, "నా తలకాయలో మట్టి ఉంది, కోప్పడాక" అని నవ్వేది. రెండో శుక్రవారం గుమ్మంలోంచే అరిచింది.

"అక్కా, ఇస్త్రీ బల్ల కాళ్ళు సూసినా! ఈ పక్క ఎంత తెరుసుకుంటే ఆ పక్క అంతే తెరుసుకుంటాది!"

ఒకదాన్నొకటి కోసుకునే గీతల్లో ఎదురెదురు కోణాలు సమానమని అంత చక్కగా నా ట్యూషన్ పిల్లలెవరూ చెప్పలేదు. కూతురికి కూడా వీడియోలో ఆ బల్లే చూపించిందట. పిల్ల పడీ పడీ నవ్విందట. ఆ వారంలో మూడుసార్లు ఫోన్ చేసిందని చెబుతూ కళ్ళు తుడుచుకుంది.

నాలుగో శుక్రవారం ఏకాంతర కోణాలు. రెండు సమాంతర రేఖలు, వాటిని కోస్తూ ఏటవాలుగా ఇంకో గీత. చెప్పడం అయిందో లేదో, కూతురి వీడియో కాల్ వచ్చింది. తల్లి కాగితం ఎత్తి పట్టుకుని వేలు పెట్టి చెప్పసాగింది. నేను వంటింట్లో పెసరట్లు వేస్తూ గుమ్మంలోంచి చూస్తున్నాను. వేలు గీతకి ఒకే పక్కనున్న రెండు కోణాల మీద ఉంది. తప్పు! అవతల పక్కది చూపించాలి. "తొందరగా చెప్పు మా" అంటోంది పిల్ల.

ఆగలేకపోయాను. "ఇలా ఇయ్యి, నీకు రాదు" అని ఫోను లాక్కున్నాను. ఐదు నిమిషాల్లో తేల్చేశాను. "ఓ, ఇంతేనా ఆంటీ!" అంది పిల్ల. నా నెంబరు తీసుకుంది. నేను మురిసిపోయాను. అప్పుడు చూశాను కాగితం వైపు. తల్లి వేలు జరిగి సరైన కోణం మీదే ఉంది. నేను ఒక్క క్షణం ఓపిక పట్టి ఉంటే ఆవిడే చెప్పేది. ఛీ, ఏం తొందరొచ్చింది నాకు?

ఆ తర్వాత సందేహాలన్నీ నాకే. రెండు మూడుసార్లు, "నాకు తీరిక లేదు, అమ్మనడుగు" అన్నాను. "అమ్మకేం తెలుసు ఆంటీ?" అంది పిల్ల. నా నోటిమాటే అది. లెక్కలయ్యాక బడి కబుర్లు, స్నేహితుల కబుర్లు కూడా నాకే చెప్పేది. వద్దనలేకపోయాను. నిజం చెప్పొద్దూ, వినడం బాగానే ఉండేది.

శుక్రవారాలు రావడం మానేసిందావిడ. నేనూ పిలవలేదు. ఏ మొహం పెట్టుకుని పిలవను?

మొన్న బకాలా దగ్గర ఎదురైంది. తిడితే బాగుండుననిపించింది. తిట్టలేదు. నా చెయ్యి పట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"అక్కా, మా పాపకు జరం తగ్గిందా?"

తగ్గిందని చెప్పాను.