పొద్దుటి గోలీలు, రాత్రి గోలీలు

మా పెద్దమ్మ పోయింది. హాలియాలో నా కిరాణం షట్టర్ లేపుతుండగా ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ పోయిందిరా తమ్మీ" అన్నాడు. నేను "ఆఁ" అన్నాను. షట్టర్ మళ్లీ దించి, దానికే వీపు ఆనించి కూచున్నాను. అన్నకు పొలం పని వదలదు కాబట్టి ఇన్నాళ్లూ ఆమెను పట్టుకుని హైదరాబాదు బస్సులు ఎక్కిందీ దిగిందీ నేనే. ఏడవడానికి కూడా ఓపిక కావాలని ఆ పొద్దు తెలిసింది. ఇంట్లో మనిషిని దవాఖానల చుట్టూ తిప్పినవాళ్లు మీలో ఉంటే నన్ను తప్పు పట్టరు.

పెద్దమ్మ అంటే మా బాపు వాళ్ల అన్న భార్య. ఆమె, మా అమ్మ తోడికోడళ్లు. ఒకే వాకిట్లో ఎదురెదురు ఇళ్లు. మగవాళ్లిద్దరూ ముందే పోయారు. తోడికోడళ్లంటే ఊళ్లో వేరే లెక్క ఉంటుంది గానీ వీళ్లది ఆ లెక్క కాదు. కొత్త సబ్బు వస్తే దారంతో రెండుగా కోసుకునేవాళ్లు. ఒక గ్లాసు చాయ్ పోస్తే గ్లాసు ఒకరికి, సాసర్ ఒకరికి. కాల్చిన మక్క కంకి మధ్యకు విరగాల్సిందే. అమ్మ వద్దంటే పెద్దమ్మ ఒకటే మాట అనేది. "ఒక్కదాన్నే తింటే నాకు అరగదే చెల్లె."

పిల్లలం మాకూ అదే పద్ధతి. జామకాయను కొంగులో పెట్టి కొరికి, కాకి ఎంగిలి అని చెప్పి అందరి చేతుల్లో ముక్కలు పెట్టేది. పెద్ద ముక్క ఎవరికిచ్చిందో అని కొట్టుకునేవాళ్లం. ఆమె మాత్రం గింజలున్న ముక్క తీసుకుని, పళ్లలో ఇరికిందని తిట్టుకుంటూ తినేది.

ఆమెకు కడుపు మంట ఎప్పటి నుంచి ఉందో ఎవరికీ గుర్తు లేదు. మేమంతా తప్పు కారం మీద పెట్టేశాం. మిరపతొక్కు లేనిదే ముద్ద దిగని మనిషి కదా. మంట పుడితే సల్ల తాగేది, వాము నమిలేది, మళ్లీ తొక్కే కలుపుకునేది. మా అమ్మకూ అదే మంట, అదే వాము.

తెలంగాణ వచ్చిన కొత్తలో ఒకసారి మంట బాగా ఎక్కువైతే నల్లగొండ తీసుకుపోయాను. అమ్మను కూడా రమ్మన్నాం. నాట్లు పడుతున్నాయి, బర్రెలను ఎవరు చూస్తారని ఆగిపోయింది. అక్కడి డాక్టరు పెద్దమ్మ కడుపులోకి పైపు వేసి చూశాడు. పుండు ఉందన్నాడు. కారం కాదు, కడుపులో ఒక రకం బ్యాక్టీరియా ఉందన్నాడు. కడుపులో ఊరే అంత పులుపులోనూ బతుకుతుందట. చాలామందిలో ఉంటుందట, ఎక్కువమందిని ఏమీ అనదట. కొందరికి పుండ్లు చేస్తుంది, ఏళ్ల తరబడి వదిలేస్తే కొద్దిమందికి క్యాన్సర్ కూడా కావచ్చన్నాడు. ఎంగిలితోనో, మంచివి కాని నీళ్లతోనో చిన్నప్పుడే చేరి ఉంటుందన్నాడు.

పెద్దమ్మ అంతా విని, "నా కడుపుల నాకే తెల్వకుండ కిరాయికున్నదా సారూ?" అంది. డాక్టరు నవ్వాడు. "ఇన్నేండ్లు మిరపకాయను ఉత్తగనే తిట్టిన గదా" అని బయటికొచ్చాక ఆమే బాధపడింది. ఆ తర్వాత మనవరాలు జామకాయ తెచ్చి కొంగు పట్టుకుంటే, "నువ్వే కొరుక్కో బిడ్డా" అని మొహం తిప్పుకుంది. ఆ మాట అనడం ఆమెకు ఎంత కష్టమో చూశాను.

డాక్టరు ఇచ్చిన గోలీలు పొద్దున కొన్ని, రాత్రి కొన్ని. అన్నీ అయిపోయేదాకా ఆపొద్దన్నాడు. కొన్నాళ్లకే మంట తగ్గింది. చిత్రంగా మా అమ్మ మంట కూడా తగ్గింది. ఇద్దరూ వాకిట్లో కూచుని హాయిగా తొక్కు నంజుకుంటుంటే మందు భలే మందని నేనూ మురిసిపోయాను.

నిరుడు పెద్దమ్మకు తిండి సహించడం మానేసింది. నాలుగు ముద్దలకే చాలనేది. చీర నడుము మీద నిలిచేది కాదు. ఈసారి హైదరాబాదులో చూసిన డాక్టరు క్యాన్సర్ అన్నాడు. పాత కాగితాలు చూసి, "అప్పుడు మందులు పూర్తిగా వాడినవా అమ్మా?" అని అడిగాడు.

"వాడిన సారూ" అంది పెద్దమ్మ.

తిరుగు బస్సులో నల్లగొండ దాటాక నా చెయ్యి పట్టుకుంది. "సారుకు అబద్ధం చెప్పిన కొడుకా. పొద్దుటి గోలీలు నేను మింగిన. రాత్రియి మీ అమ్మకిచ్చిన. దానికీ గదే మంటనాయె, నేనొక్కదాన్నే ఎట్ల మింగుదు?"

నాకు కోపం వచ్చింది, అదీ ఎక్కువసేపు నిలవలేదు.

"మీ అమ్మకు చెప్పకు. నా పానం తనే తీసిన్నని అనుకుంటది. గట్లని దాన్ని ఇడిసిపెట్టకు, దవాఖానకు తీస్కపో" అంది. మాట ఇచ్చాను. పాత మంట అమ్మకూ మళ్లీ మొదలైందని నాకు తెలుసు. అయినా పెద్దమ్మ మంచం పక్క నుంచి అమ్మ లేచి గడప దాటితే కదా.

దినాలు అయ్యాక అమ్మను నల్లగొండ తీసుకుపోయాను. పైపు వేసి చూశారు. అదే బ్యాక్టీరియా. పుండు చిన్నదే, భయం లేదన్నారు. నా గుండె కుదుటపడింది. డాక్టరు గోలీలు ఇస్తూ, "మంట తగ్గిందని నడుమ ఆపొద్దు. ఇంకొకరికి పంచొద్దు. సగం మందు వేస్తే అది చావదు, మొండిదైతది. పుండు లోపల్లోపల పెరుగుతనే ఉంటది" అన్నాడు. రోజూ అందరికీ చెప్పే మాటే. నేను అమ్మ మొహం వైపు చూడలేకపోయాను.

బస్టాండులో చాయ్ ఇప్పిస్తే గ్లాసు చేత్తో పట్టుకుని అట్లాగే ఉంది. "సగం మందు సంగతి అక్కకు ఎరుకేనా?" అని అడిగింది. నేను తలూపాను. "ఎరుకుండి కూడ నన్ను ఒక్క మాటనలే" అంది. చాయ్ చల్లారిపోయింది, తాగలేదు.

ఇప్పుడు రోజూ పొద్దున, రాత్రి అమ్మ వాకిట్లో ఎదురింటి వైపు తిరిగి కూచుని గోలీలు మింగుతోంది. ఒక్కటీ తప్పడం లేదు. నేను గుర్తు చేయాల్సిన పనే లేదు. నిన్న కొట్లోంచి కొత్త సబ్బు తెచ్చిచ్చాను. ఈ పొద్దు స్నానానికి పోతే గూట్లో రెండు ముక్కలున్నాయి. ఒకటి తడిసి అరిగింది. రెండోది దారం కోసిన గీత అట్లాగే ఉండి, పొడిగా, గోడవారగా ఉంది.