అంబాసిడర్‌కు మామ ఎక్కించిన ఇంజను

మొన్న పొద్దున మా మేనమామ పోయాడు. నిజాంపురాలో ఆయన గ్యారేజీ పక్కన టీ కొట్టు నడిపే పెద్దాయన ఫోన్ చేసి, "మీ మామ ఇగ లేడమ్మా" అన్నాడు. "ఎటు పోయిండు?" అని అడిగాను. ఎప్పుడూ ఎవరిదో బండి బాగుచేయడానికి పోయే మనిషి మరి. అర్థం కావడానికి కాసేపు పట్టింది.

గ్యారేజీ పెట్టకముందు మామ గైబీ నగర్‌లో జాబర్. పవర్‌లూమ్ మగ్గాలు బాగుచేసేవాడు. ఆ చప్పుడుకు చెవులు సగం పోయాయి. ఇంజను మీద అరచేయి పెట్టి రోగం చెప్పేవాడు గానీ, మనం ఏమడిగినా "అవునవును" అనేవాడు. పెళ్లిచూపుల్లోనూ అంతేనని అత్త ఇప్పటికీ దెప్పుతుంది.

నాన్నదీ మగ్గాల పనే. పత్తి దుమ్ము ఆయన ఊపిరితిత్తులను తినేసింది. వారం వారం ఠాణే నగరంలోని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఆటోలో అయితే దారిలో మాన్కోలి దాటేలోపే దగ్గుతో మెలికలు తిరిగిపోయేవాడు. అద్దాలు బిగించుకుని పోవడానికి మాకున్నది ఒక్క పాత అంబాసిడర్. చివరికి అదే పొగ కక్కడం మొదలుపెట్టి పొగ పరీక్ష తప్పింది.

అమ్మేయమని అందరూ అన్నారు. మామ మాత్రం యాక్సిడెంటైన ఓ కొత్త కారు ఇంజను కాగితాలతో సహా తెచ్చి, నెల రోజులు కుస్తీపట్టి ఎక్కించాడు. పరీక్ష నెగ్గితేనే ఆ ఇంజను నంబరు ఆర్‌సీ పుస్తకంలో ఎక్కిస్తామన్నారు ఆర్‌టీఓ ఆఫీసులో. తీరా చూస్తే నీలం పొగ! మళ్లీ ఫెయిల్.

పరీక్ష చేసే ఆయన జాలిపడి, మళ్లీ పొగగొట్టంలో మీటరు పైపు పెట్టకుండానే పాసైనట్టు పర్చీ రాసిచ్చాడు. "లే జావ్ చాచా" అన్నాడు.

"తీస్కో మామా, ఎల్లుండి దవాఖానకు పోవాలె" అని నేను చేయి పట్టుకున్నాను.

"పర్చీ నా జేబుల ఉంటది బిడ్డా. పొగ మీ నాయన రొమ్ములకు పోతది" అని మామ ఆ పర్చీ తిరిగిచ్చేశాడు.

ఆ వారం నాన్న ఆటోలోనే వెళ్లొచ్చి రెండు రోజులు మంచం దిగలేదు. మామను నోటికొచ్చినట్లు తిట్టాను. వినపడకపోయినా అర్థమయ్యే ఉంటుంది. ఆ మాటలు ఇప్పుడు నన్నే తింటున్నాయి.

పొగ ఎందుకొస్తోందో చివరికి మామే పట్టుకున్నాడు. మగ్గానికి నూనె ఎంత పోస్తే అంత మంచిదంటారు జాబర్లు. ఆ అలవాటు కొద్దీ ఇంజనులోనూ కొలత గీత దాటి పోసేశాడు. అదే కాలి నీలం పొగైంది; ఎక్కువైన నూనె తీసేశాడు. పనివాళ్లందరి ముందే నాన్నతో, "కారును గూడ మగ్గమే అనుకున్న బావా. తప్పు బండిది గాదు, నాది" అన్నాడు. పనిలో పేరున్నవాళ్లు అంత తేలిగ్గా తప్పు ఒప్పుకోవడం నేను చూడలేదు.

మూడోసారి పరీక్షకు నాన్న కూడా వస్తానని వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంజను స్టార్ట్ చేసి, పైపు పెట్టారు. మీటరు ముల్లు ఎటు పోతుందోనని అందరం మెడలు సాచి చూస్తున్నాం. మామ మాత్రం అటు చూడలేదు. నాన్న పక్కన, డోరు పట్టుకుని నిలబడ్డాడు. నాన్న మెల్లగా అద్దం దించాడు. ఒక ఊపిరి. ఇంకొకటి. దగ్గు రాలేదు. మామ చూపు నాన్న రొమ్ము మీదే ఉంది.