పొడపత్రి డబ్బా

దిబ్బూరహళ్ళిలో సుబ్బలక్ష్మమ్మ చేతి మందు తాగని ఇల్లు వెతుక్కుంటూ పోతే ఊరు దాటి పొలాల్లో పడాల్సిందే. పసిబిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఆమె, ముసలాయనకు మోకాలు పట్టేస్తే ఆమె, బాలింతకు పాలు పడకపోతే ఆమె. వంటింటి గోడలో ఒక గూడు ఉంది. వసకొమ్ము, కరక్కాయ, వాము, శొంఠి, ఎండిన ఆకులు, ఎవరెవరో మింగగా మిగిలిన మాత్రల అట్టలు అన్నీ అందులోనే. డబ్బాల మీద పేర్లు రాద్దామని కోడలు ప్రేమ ఒకసారి అంటే, "మతిమరుపు వాళ్లు రాసుకోవాలమ్మా, నాకెందుకు?" అని మూతి తిప్పుకుంది.

ఊరికి మందు ఇవ్వడం ఆమెకు సరదా. తిండి పెట్టే పని మాత్రం పట్టుపురుగులు. నలభై ఏళ్లుగా పెంచుతోంది. ఆ పురుగుల ఇంట్లో ఆమె మాటే శాసనం. కాళ్లు చేతులు కడుక్కోకుండా గడప దాటకూడదు, పొగాకు నమిలే నోరు లోపలికి రాకూడదు. చిన్న పురుగులకు కొసన ఉండే లేత ఆకు, అదీ కొత్తిమీర తరిగినట్టు సన్నగా తరిగి వేయాలి. పెద్దవైతే ముదురాకు కొమ్మలతో సహా వేసినా తింటాయి. పొర విడిచే ముందు తల పైకెత్తి నిద్రపోతాయి, అప్పుడు ఆకు ముక్క కూడా పడకూడదు. కట్టుకున్న మొగుడే ఒకసారి తడి ఆకు తెచ్చి వేశాడని మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. పురుగుల విషయంలో అంత కచ్చితమైన మనిషి.

ఆ మొగుడి పేరు ఆంజనేయప్ప. డెబ్బై దాటాయి. ఎనిమిదేళ్లుగా చక్కెర జబ్బు. చింతామణి డాక్టరమ్మ రాసిచ్చిన మాత్ర పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఈ ఏడు ఎండాకాలంలో ఆకు కోయడానికి వచ్చే మునివెంకటమ్మ కంచె మీద పాకిన పొడపత్రి తీగ చూపించి, ఇది నమిలితే నోట్లో తీపే తెలియదని, చక్కెర జబ్బుకు దీన్ని మించింది లేదని చెప్పింది. సుబ్బలక్ష్మమ్మకు అది తెలియని సంగతి కాదు. ఇన్నాళ్లూ ఎందుకు గుర్తు రాలేదా అని తనను తానే తిట్టుకుంది. ఆకు ఎండబెట్టి, దంచి, డబ్బాకెత్తి, రోజూ పొద్దున్నే మాత్రతో పాటు ఒక లోటా కషాయం ఆయన చేతికి ఇవ్వసాగింది. డాక్టరమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆకుకు డాక్టరు పర్మిషన్ ఏమిటి!

మూడు వారాలకు కొడుకు రవీంద్ర తెచ్చిన చిన్న మిషన్‌లో వేలు గుచ్చి చూస్తే అంకె బాగా దిగింది. ఆంజనేయప్ప అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు.

"మా ఇంటామె కషాయం ముందర ఆ మాత్ర యాడ పనికొస్తాదప్పా? ఊరికే మింగుతాండాను, అంతే."

సుబ్బలక్ష్మమ్మ లోపలి నుంచి విని విననట్టు ఊరుకుంది. లోపల మాత్రం చెప్పలేనంత సంతోషం.

ఆయనకు శనివారం ఒక్కపొద్దు. చీకటి పడేదాకా ఏమీ తినడు. ఆ శనివారం కూడా అలవాటు చొప్పున మాత్ర మింగి, కషాయం తాగి, ఖాళీ కడుపుతో మల్బరీ తోటకు పోయాడు. పదకొండు గంటలకు నీళ్లివ్వడానికి పోయిన ప్రేమకు మామ గట్టు మీద కూలబడి కనిపించాడు. చొక్కా పిండితే నీళ్లు కారేటంత చెమట, వణుకుతున్న చేతులు. కోడలిని పట్టుకుని చచ్చిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచాడు. ప్రేమ కేక పెట్టలేదు. ఇంటికి పరుగెత్తి, చెంబు నీళ్లలో నాలుగు గుప్పిళ్ల చక్కెర కలిపి, మిషన్‌తో సహా తెచ్చింది. ఆయన ఇంకా మింగగలుగుతున్నాడని చూసుకుని గుక్క గుక్కగా తాగించింది. వేలు గుచ్చి చూస్తే అంకె నలభై ఆరు. డెబ్బైకి తగ్గకూడదు.

కాసేపటికి తేరుకున్నాడు గానీ, ఇంట్లో ఎవరికీ కాళ్లూ చేతులూ ఆడలేదు. రవీంద్ర అందరినీ కారులో వేసుకుని చింతామణి ఆస్పత్రికి తీసుకుపోయాడు. డాక్టరమ్మ అన్నీ చూసి అడిగింది.

"మాత్ర కాకుండా ఇంకేమన్నా తీసుకుంటాండారా? కషాయం, పొడి, ఆకు?"

ఆంజనేయప్ప పెళ్లాం వైపు చూశాడు. సుబ్బలక్ష్మమ్మ నేల వైపు చూసింది.

"ఏమీ లేదమ్మా" అంది.

మాత్రే ఎక్కువైందనుకుని డాక్టరమ్మ సగానికి తగ్గించి, పది రోజుల తర్వాత రమ్మంది. ప్రేమ అక్కడ నోరు విప్పలేదు. ఇంటికి వచ్చాక అత్త ఒడిలో ఉన్న తన రెండున్నర నెలల పాపను మెల్లగా ఎత్తుకుని మాత్రం ఒక మాట అంది.

"అత్తా, కోపం చేసుకోవద్దు. పాపకు ఇంక నువ్వు ఏమీ తాపొద్దు."

అరిచి ఉంటే బాగుండేది. అరిస్తే తిరిగి అరవచ్చు. ఆ పిల్ల ఎంతో మర్యాదగా చెప్పి, పాపను చంకనేసుకుని గదిలోకి పోయింది. పాప పుట్టిన పదకొండో రోజు నుంచి వసకొమ్ము సానరాయి మీద అరగదీసి నాలుక మీద రాసింది సుబ్బలక్ష్మమ్మే. నెల బిడ్డకు ఒక చుట్టు, రెండు నెలలకు రెండు చుట్లు. ఆ లెక్క ఊళ్లో అందరికీ చెప్పింది తనే. ఇప్పుడు తన మనవరాలికే తన చెయ్యి పనికిరాకుండా పోయింది. ఆ రోజు అన్నం సయించలేదు. తర్వాత నాలుగు రోజులూ పాపను ఎత్తుకునేది, ఆడించేది, కానీ పాప నోటి దగ్గరికి తన వేలు పోతే ప్రేమ కళ్లు కూడా వెంటే వచ్చేవి.  పొడపత్రి కషాయం మానేసింది గానీ ఎందుకు మానేసిందో ఎవరికీ చెప్పలేదు.

ఐదో రోజు పురుగులు రెండో నిద్రకు పోయాయి. మునివెంకటమ్మ పొద్దున్నే ఆకు తెచ్చి, పాపం ఆకలిగా ఉన్నాయనుకుందో ఏమో, ఒక తట్టలో పరిచేసింది. సుబ్బలక్ష్మమ్మ చూసి ఒంటికాలి మీద లేచింది.

"కండ్లు యాడ పెట్టుకున్నావే? నిద్రలో ఉండే పురుగుకు మేత వేస్తారా? ఏ వయసులో ఉండాదో, మేలుకుందో లేదో చూసి కదా వేసేది! నలభై ఏండ్లుగా చెప్తాండానే!"

మునివెంకటమ్మ ఆకులు ఏరుతూ, కోపమూ లేక, భయమూ లేక అంది. "పురుగుకు ఇంత చూస్తావు కదక్కా. ఆ పొద్దు అన్నకు ఒక్కపొద్దని తెలిసీ కషాయం ఇస్తివే, అప్పుడు చూడకపోతివా?"

సుబ్బలక్ష్మమ్మ కూడా వంగి ఆకులు ఏరసాగింది.  మునివెంకటమ్మ అన్న దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అసలు బాధ అదే. తిన్నాడా అని అడగలేదు. మాత్ర ఏం చేస్తుందో, ఆకు ఏం చేస్తుందో, రెండూ కలిస్తే ఏమవుతుందో అడగలేదు. అడిగిన డాక్టరమ్మకు అబద్ధం చెప్పింది. సిగ్గుతో ముఖం కాలిపోయింది.

చేతులు కడుక్కుని నేరుగా వంటింటికి పోయి పొడపత్రి డబ్బా సంచిలో వేసుకుని, అరుగు మీదున్న మొగుడి దగ్గరికి వచ్చింది.

"ఏమప్పా, లెయ్యి. చింతామణికి పోదాం."

"పది రోజులు కాలేదు కదే?"

"కాకపోతే ఏమాయె? నేను చెప్పాల్సింది ఉండాది. లెయ్యి."

డాక్టరమ్మ టేబుల్ మీద డబ్బా పెట్టి, కూర్చోకుండానే చెప్పేసింది. "ఆ పొద్దు నేను నీకు అబద్ధం చెప్పినానమ్మా. నెల రోజులు ఈయప్పకు ఇది కాచి ఇచ్చినాను."

డాక్టరమ్మ మూత తీసి వాసన చూసి నవ్వింది. "పొడపత్రా? నా దగ్గరికి వచ్చేవాళ్లలో చానా మంది తాగుతారు, ఒక్కరూ చెప్పరు. కూర్చోమ్మా. ఇది పని చేయని ఆకైతే నాకు భయమే లేదు. పని చేస్తాది, అందుకే భయం. మాత్ర చేసే పనే ఇదీ చేస్తాది. రెండూ కలిసి, కడుపులో ఏమీ లేక, పైగా ఈ వయసు. ముసలి ఒంట్లో మందు తొందరగా బయటికి పోదు, నిలబడిపోతాది."

మాత్ర మోతాదు మళ్లీ సరిచూసి రాసిచ్చింది. ఒక్కపొద్దు నాడు మాత్ర ఎట్లా వేసుకోవాలో ఆంజనేయప్ప చేత రెండుసార్లు తిరిగి చెప్పించింది. ఆ తర్వాత సుబ్బలక్ష్మమ్మ వైపు తిరిగి, ఇంకా ఎవరెవరికి ఏమేమి ఇస్తావో చెప్పమంది. అన్నీ వింది. మోకాళ్లకు కాచే నూనె బాగుందంది. బాలింతకు ఇచ్చే శొంఠి మితంగా అయితే పర్వాలేదంది, కానీ తల్లి మింగేది ఏదైనా పాలలో బిడ్డకు పోవచ్చని గుర్తు పెట్టుకోమంది. వసకొమ్ము దగ్గర మాత్రం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆరు నెలల దాకా తల్లిపాలు, ఆస్పత్రిలో రాసిచ్చిన మందు. ఇంకేమీ వద్దమ్మా. వస అసలే వద్దు."

"నలభై ఏండ్లుగా రాస్తాండాను. ఎవరికీ ఏమీ కాలేదే!"

"కాలేదా? లేకపోతే అయ్యింది నీదాకా రాలేదా?"

సుబ్బలక్ష్మమ్మ డబ్బా మూత బిగించి సంచిలో వేసుకుంది. బస్సులో ఇంటికి వచ్చేదాకా కిటికీ వైపే ముఖం పెట్టుకుని కూర్చుంది. డాక్టరమ్మ మీద కోపం, తన మీద ఇంకా ఎక్కువ కోపం. ఆంజనేయప్ప వేరుశనక్కాయలు కొనిచ్చినా తీసుకోలేదు. అయినా శిడ్లఘట్ట దాటేసరికి ఎందుకో గుండె తేలికైంది.

ఆంజనేయప్ప నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటికి రాగానే కోడలికి అంతా పూస గుచ్చినట్టు చెప్పాడు, డబ్బా టేబుల్ మీద పెట్టిన చప్పుడుతో సహా.  మరుసటి రోజు సుబ్బలక్ష్మమ్మే ప్రేమను పిలిచి గూట్లో ఉన్నవన్నీ కింద పరిచింది. మిగిలిన మాత్రలన్నీ ఏరి అవతల పెట్టించింది. వసకొమ్మును చేతిలో కాసేపు పట్టుకుని, అదీ అటే పడేసింది.

"పేర్లు రాయమ్మా డబ్బాల మీద. నాకూ మతిమరుపు వస్తాండాది" అంది. ప్రేమ నవ్వు ఆపుకుంటూ రాసింది.

ఇప్పుడు సుబ్బలక్ష్మమ్మ దగ్గర మందు దొరకడం అంత సులువు కాదు. మోకాలు నొప్పని గురప్ప వస్తే మొదటి ప్రశ్న, "ఏం మాత్రలు మింగుతాండావప్పా? అట్టలు తెచ్చి నా ముందర పెట్టు."

"ఏందక్కా, నువ్వూ డాక్టరైతివా?"

"డాక్టరైతే నీ ఒక్కడితో ఇంతసేపు మాట్లాడతానా? పోయి తే."

కడుపుతో ఉన్న పిల్ల వస్తే చల్లటి మజ్జిగ ఇచ్చి, మంచి మాట చెప్పి ఆస్పత్రికి పంపిస్తుంది. కొందరు అలిగారు. ఎక్కువ మంది అట్టలతో సహా తిరిగొచ్చారు.

పాపకు మూడో విడత టీకా వేయించిన మరుసటి రోజు ఒళ్లు కాస్త వెచ్చబడింది. రవీంద్ర పట్టుగూళ్లు వేసుకుని మార్కెట్టుకు పోయాడు. ప్రేమ ఒక చేత్తో పాపను, ఇంకో చేత్తో జ్వరం చుక్కల మందు సీసాను పట్టుకుని పురుగుల ఇంటి గడప దగ్గరికి వచ్చింది. లోపల తట్టలు సర్దుతున్న సుబ్బలక్ష్మమ్మ చూసింది గానీ, కావాలనే చెయ్యి చాపలేదు.

"ఒక్కదానికి కుదరడం లేదత్తా. మందు నువ్వు పొయ్యి" అంది ప్రేమ.

సుబ్బలక్ష్మమ్మ తొట్టి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కుంది, కొంగుతో తుడుచుకుంది. అరుగు మీద కూర్చుని పాపను ఒడిలోకి తీసుకుంది.

"చీటీ యాడ? నిన్న బరువెంత రాసినారు?"

ప్రేమ చీటీ తీసి బరువు చదివింది, డాక్టరు ఎంత పోయమన్నదో చదివింది. సుబ్బలక్ష్మమ్మ సీసాతో వచ్చిన గీతల గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుని, ఒక కన్ను మూసి, గీత దాకా మందు లాగింది. వెంట్రుకవాసి ఎక్కువైతే మళ్లీ సీసాలోకి ఒత్తింది. బుగ్గ లోపలి వైపు మెల్లగా వదిలితే పాప ముఖం చిట్లించి, చప్పరించి, మింగేసింది.

"బంగారు తల్లి" అంది సుబ్బలక్ష్మమ్మ. 

"పాపను చూస్తాండు అత్తా, బట్టలు ఆరేసి వస్తాను" అని ప్రేమ సీసాను అత్త పక్కనే వదిలి మిద్దె మీదికి పోయింది. ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.