నూట ఇరవై కుక్కలు

ఆ రోజుల్లో లెక్కకు అందనిది లోకంలో ఏదీ లేదని నా గట్టి నమ్మకం. (సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది, ఆ నమ్మకానికి అది చాలు.) కొండాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ల మధ్య వీధికుక్కలు పెరిగాయని గొడవ మొదలైతే, ఎన్నున్నాయో నేను తేలుస్తానన్నాను. అడవిలో జంతువులన్నిటినీ పట్టి లెక్కపెట్టరు. కొన్నిటికి గుర్తు పెట్టి వదిలేసి, మళ్ళీ కనబడ్డవాటిలో ఎన్నిటికి ఆ గుర్తుందో చూసి, ఆ నిష్పత్తితో మొత్తం అంచనా వేస్తారు. నేనూ ఒక ఆదివారం బిస్కెట్లు వేసి పది కుక్కల మెడకు ఎర్ర పట్టీలు కట్టాను. మరుసటి ఆదివారం పన్నెండు కనబడ్డాయి. పట్టీ మాత్రం ఒక్కదానికే ఉంది. పన్నెండింటిలో ఒక్కదానికే పట్టీ ఉంటే, పట్టీ కట్టినవి పది కాబట్టి, మొత్తం నూట ఇరవై!

అపార్ట్‌మెంట్ల అసోసియేషన్ మీటింగులో ఆ అంకె తెర మీద వేయగానే తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. "చూశారాండీ, మన కుర్రాడు శాస్త్రీయంగా తేల్చేశాడు!" అన్నారు ప్రెసిడెంటు గారు. చప్పట్లు. కుక్కల బండిని పిలవాలని తీర్మానం.

మర్నాడు సెల్లార్ ఊడ్చే అక్క నన్ను ఆపింది. "సార్, ఆ పట్టీలు మీరు కట్టిన్రా? మెడలు ఒరుసుకపోతున్నయని నేనే కోసేసిన. నల్లదొక్కటే దొరకలే."

నా లెక్క ఎక్కడ తప్పిందో అర్థమైంది. "మొత్తం ఎన్నున్నాయక్కా?"

"పదమూడు. ఏంది సార్, నన్నడిగితే చెప్తుంటి గద!"

వెంటనే వెళ్ళి ప్రెసిడెంటు గారికి చెప్పాల్సింది. చెప్పలేదు. ఆ చప్పట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి మరి. మూడో రోజు బండి వచ్చి ఐదింటిని ఎక్కించుకుపోయింది. అక్క చీపురు చేతిలో ఉండగానే గేటు దాకా పరుగెత్తి, తిరిగొచ్చి, "చెప్పలేదా సార్?" అంది, అంతే. అప్పుడు కదిలాను. మళ్ళీ మీటింగు పెట్టించి, ఉన్నవి పదమూడేనని ఒప్పుకున్నాను.

"అంటే ఆ నూట ఏడు కుక్కలు ఎక్కడున్నాయయ్యా?" అని ప్రెసిడెంటు గారు అందరి ముందూ అడిగారు.

"లేవండి," అన్నాను.

సెలవు పెట్టి అక్కతో కుక్కల షెడ్డుకు వెళ్ళాను. ఆవిడ ఒక్కోదాన్నీ పేరు పెట్టి పిలవగానే నాలుగు కుక్కలు తోకలాడించుకుంటూ వచ్చాయి, వాటిని వెనక్కి తెచ్చుకున్నాం. ఐదోది, ఒక ముసలిది, దింపేటప్పుడు బెదిరి రోడ్డు మీదికి పారిపోయిందన్నారు. చాలా రోజులు వెతికాం. దొరకలేదు. అక్క నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇల్లు మారాక మొన్న మళ్ళీ అటు వెళితే ఆవిడ కనబడి, "ఇప్పుడెన్నున్నయో చెప్పుండ్రి సార్," అని నవ్వింది. "నువ్వే చెప్పక్కా," అన్నాను. ఒక్కో పేరూ చెబుతుంటే, వెనక బెంచీ కుర్రాడిలా చేతులు కట్టుకుని విన్నాను.