మేడమ్ పెట్టిన పేర్లు

మా లెక్కల మేడమ్ పోయారని క్లాసు గ్రూపులో ఒక్క లైను మెసేజ్ వచ్చింది. కరోనా రెండో వేవ్ రోజులు. మా ఇల్లు సూరత్ శివారు జోల్వాలో, ఆవిడ ఇల్లు ఊళ్లోనే అడాజన్‌లో. అంత దగ్గర్లో ఉండి కూడా చివరి చూపుకు పోలేకపోయాను.

సూరత్‌లో మా కాలేజీ మొత్తంలో నాతో తెలుగులో మాట్లాడేది ఆవిడ ఒక్కరే. మగ్గాల మీద బతికే ఇంటి నుంచి ఎమ్మెస్సీ దాకా వచ్చానని నేనంటే ఇష్టం. ఫోన్ చేస్తే ముందు తిన్నానో లేదో అడిగి, ఆ తర్వాతే లెక్కలోకి దిగేవారు.

మొదటి లాక్‌డౌన్‌లో నా ప్రాజెక్టు రిపోర్టు కంప్యూటర్లో టైపు చేయడం నేర్పారు. అందులో ఒక్కో లెక్కల గుర్తుకు ఒక్కో కమాండ్, అంటే ఒక మాట, రాస్తే పేజీ మీద ఆ గుర్తు వస్తుంది. మనకు నచ్చిన పేరుతో కొత్తది కూడా పెట్టుకోవచ్చు. అక్షరం మీద అడ్డగీత కోసం నేను ‘పైగీత’ అని పెట్టుకున్నాను. ఆకారాన్ని బట్టి కాకుండా అర్థాన్ని బట్టి పేరు పెట్టమన్నారు మేడమ్. గీత వస్తోంది కదా, చాల్లే అనుకున్నాను.

గడువు నాలుగు రోజులుందనగా కాలేజీ ఆఫీసు నుంచి రిపోర్టు తిరిగొచ్చింది. సగటుకూ అదే గీత, ఒక ఘటన జరగకపోవడానికీ అదే గీత వాడాను. రెండోదానికి వేరే గుర్తు పెట్టమన్నారు. రెండిటికీ ఒకటే కమాండ్, దాన్ని మారిస్తే సగటు గుర్తు కూడా మారిపోతుంది. మేడమ్‌కు ఫోన్ చేశాను.

ఆవిడ తిట్టలేదు. ‘సగటు’, ‘జరగదు’ అని రెండు కమాండ్లు పెట్టించారు. రెండు రోజులు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్‌లోనే ఉండి నాతోపాటు ప్రతి పేజీ చూశారు. గీత కనబడ్డ చోటల్లా “ఇదేం చెప్తున్నది బిడ్డా?” అని అడిగేవారు. ఒకచోట నాకు జవాబు తోచలేదు. తీరా చూస్తే ఆ నిరూపణే తప్పు. రెండు గీతల్లో ఒకదాన్ని ఇంకోటనుకుని ముందుకు పోయాను. అది దిద్దుకున్నాక అన్నారు: “గుర్తు ఎట్లుండాల్నో రేపు ఎవరన్న మార్చమంటరు. నువ్వేం చెప్తున్నవో నీకు తెలిసుండాలె.”

రిపోర్టు గడువులోనే ఇచ్చాను.

మేడమ్ పోయిన నెలకు వాళ్లాయన ఫోన్ చేశారు. మగ్గాల విడిభాగాలు అమ్మే మనిషి. ఆవిడ నోట్సు కాలేజీవాళ్లు అడిగారట, ఫైలు తెరవడం రావట్లేదన్నారు. వీడియో కాల్‌లో చెప్పి తెరిపించాను. మొదటి పేజీ నిండా ఆవిడ పెట్టుకున్న కమాండ్లే. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు మాటలు.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివారు. “దూరం. పొరుగు. అంచు. దగ్గరైతది.” అక్కడ ఆగారు. “ఇవి నాక్కూడ అర్థమైతున్నయి గద,” అన్నారు మెల్లగా.

ఫైలు పంపాల్సిన సంగతి ఆయన మర్చిపోయారు. నాకూ గుర్తు చేయాలనిపించలేదు. ఆయన వేలు కింది వరుసకు జరిగింది.